ఎదుటి పక్షం కాగితాలు బయటపెట్టకపోతే: ఆర్డర్ 11 రూల్ 21 పిటిషన్ మొదటి నుంచి చివరి దాకా

కోర్టు చూపించమన్నా ఎదుటి పక్షం కాగితాలు చూపించదు. ప్రశ్నలకు అఫిడవిట్ మీద జవాబివ్వదు. వాయిదా మీద వాయిదా పడుతుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: వాళ్ల డిఫెన్స్ స్ట్రైకాఫ్ చేయించవచ్చా, అంటే వాళ్ల వాదనను కోర్టు చేత తీసేయించవచ్చా?

చేయించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 రూల్ 21 దీనికోసమే ఉంది. డిస్కవరీ ఉత్తర్వు (కాగితాలు, వివరాలు బయటపెట్టమనే కోర్టు ఆదేశం) పాటించనిది వాది అయితే దావా కొట్టేయవచ్చు. ప్రతివాది అయితే అతని డిఫెన్స్ తీసేసి, అసలు దావాకు రాతపూర్వక జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంటే వేయనట్టు చూడవచ్చు.

కానీ ఈ పిటిషన్ బలమంతా అంతకు కొన్ని నెలల ముందు తెచ్చుకున్న ఉత్తర్వులో ఉంటుంది. ఆ ఉత్తర్వు గజిబిజిగా ఉంటే ఎంత బాగా వాదించినా జడ్జిగారు "ఇంకో అవకాశం ఇద్దాం" అంటారు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ ఉత్తర్వును ఎలా తెచ్చుకోవాలన్న దాని గురించే.

చెప్పుకోవడానికి వీలుగా ఒక పార్టిషన్ దావా (ఆస్తి పంపకాల కేసు) అనుకుందాం. తండ్రి పోయారు. ఊళ్లో ఆరు షాపుల కాంప్లెక్సు, కొంత పొలం ఉన్నాయి. కూతురు వాది, కొడుకు ప్రతివాది. అద్దెలు వసూలు చేసేది కొడుకు. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), అద్దె ఒప్పందాలు, లెక్కల పుస్తకాలు అన్నీ అతని బీరువాలో ఉన్నాయి. 2015లోనే పంపకాలు అయిపోయాయనీ, పారికత్తు (పంపకాల పత్రం) రాసుకున్నామనీ అతను రిటన్ స్టేట్‌మెంట్‌లో రాశాడు.

## 1. ముందు మీ దావా ఏ రకమో చూసుకోండి

ఆర్డర్ 11 ఇప్పుడు రెండు రూపాల్లో ఉంది. మామూలు సివిల్ దావాలకు పాత ఆర్డర్ 11, అంటే రూల్ 1 నుంచి 23 వరకు. 3 లక్షల రూపాయలు, ఆ పైన విలువున్న వాణిజ్య వివాదాలకు 2015 నాటి కమర్షియల్ కోర్ట్స్ చట్టం ఆర్డర్ 11ను మొత్తంగా మార్చేసింది. ఆ కొత్త పాఠంలో రూల్ 21 లేనే లేదు. కమర్షియల్ దావాలో రూల్ 21 కింద పిటిషన్ వేస్తే మొదటి వాయిదాలోనే ఇబ్బంది పడతారు. ఆ దావాల సంగతి చివర్లో ఉంది. అక్కడి దాకా చెప్పేదంతా మామూలు దావాలకే.

ఇంకో మాట. డిస్కవరీ దావాలో పార్టీల మీదే నడుస్తుంది. కాగితం బ్యాంకు దగ్గరో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో ఉంటే ఆర్డర్ 16 కింద సమన్లు అడగాలి. సమన్లు అందుకున్న మనిషి రాకపోతే సెక్షన్ 32 కింద వారంటు, ఆస్తి జప్తు, 5,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కోర్టుకు ఉంది. బ్యాంకు ఖాతా పుస్తకాలు చూడాలంటే 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం సెక్షన్ 6 కింద విడిగా ఉత్తర్వు కావాలి.

## 2. కాగితాల జాబితా రాసుకోండి

పిటిషన్ రాయడానికి ముందు ఒక తెల్ల కాగితం మీద ఐదు గడులు గీయండి.

- కాగితం పేరు, తేదీ లేదా కాలం
- అది ఎదుటివారి దగ్గర ఉందని మీకెలా తెలుసు
- దావాలోని ఏ అంశానికి అది అవసరం (ప్లెయింట్, అంటే దావా పత్రం, లేదా రిటన్ స్టేట్‌మెంట్ పేరా నంబరుతో)
- వేరే చోట దొరుకుతుందా
- పాడయ్యే, చెరిగిపోయే ప్రమాదం ఉందా

నాలుగో గడి దగ్గర నిజాయితీగా ఉండండి. ఈసీ, రిజిస్టర్డ్ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరుకుతాయి. వాటిని కూడా జాబితాలో చేర్చితే కోర్టు మిగతా జాబితాను కూడా అనుమానంగానే చూస్తుంది. దావాను న్యాయంగా తేల్చడానికో, ఖర్చు తగ్గించడానికో అవసరం లేదనిపిస్తే డిస్కవరీ ఇవ్వకూడదని రూల్ 12 చెబుతోంది.

ఐదో గడి వాట్సాప్ సంభాషణలకు, సీసీ కెమెరా రికార్డులకు, ట్యాలీ లెక్కలకు ముఖ్యం. సాక్ష్య చట్టం లెక్కలో ఇవీ డాక్యుమెంట్లే. ఇవి చెరిపేయవద్దని, ఫోను మార్చినా డేటా దాచి ఉంచాలని ఎదుటి వకీలుకు ఇప్పుడే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. రేపు "పోయింది" అన్నప్పుడు ఈ ఉత్తరమే మీకు ఆధారం.

కాగితం సాక్ష్యంగా చెల్లుతుందా లేదా అన్నది ఈ దశలో ప్రశ్న కాదు. వివాదం మీద వెలుగు వేసేదైతే చాలని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది.

## 3. నాలుగు దారుల్లో ఏది మీది?

రూల్ 15 నోటీసు. ఎదుటివారు తమ ప్లీడింగులోనో అఫిడవిట్‌లోనో ప్రస్తావించిన కాగితానికి ఇది. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారయ్యే రోజు లేదా అంతకుముందు కోడ్ అనుబంధం సిలోని ఫారం 7లో నోటీసిస్తే చాలు. మన ఉదాహరణలో పారికత్తుకు ఇదే దారి. నోటీసు అందిన 10 రోజుల్లో వాళ్లు తిరుగు నోటీసివ్వాలి. అది ఇచ్చిన 3 రోజుల్లోపు ఏదో ఒక సమయానికి వకీలు ఆఫీసులో కాగితం చూపించాలి. చూపించకపోతే, తగిన కారణం ఉందని కోర్టును ఒప్పిస్తే తప్ప, తర్వాత ఆ కాగితాన్ని తమ తరఫున సాక్ష్యంగా పెట్టలేరు. ఖర్చు లేని దారి. అయినా ఎందుకో దీన్ని చాలామంది వాడరు.

రూల్ 1 ప్రశ్నావళి. అంటే ఇంటరాగేటరీలు. కోర్టు అనుమతి కావాలి. ప్రశ్నలను పిటిషన్‌తోపాటే దాఖలు చేయాలి. ఏడు రోజుల్లో తేల్చాలని రూల్ 2 అంటుంది. మన కోర్టుల రద్దీలో ఆ లెక్క మీద ఆశ పెట్టుకోకండి. అనుమతి వచ్చి, ప్రశ్నలు అందాక 10 రోజుల్లో లేదా కోర్టు పెట్టిన గడువులో అఫిడవిట్ మీద జవాబివ్వాలి.

రూల్ 12 డిస్కవరీ. ఏయే కాగితాలున్నాయో ఎదుటివారి చేత ప్రమాణం మీద చెప్పించడం. పిటిషనర్ అఫిడవిట్ వేయనక్కర్లేదని రూల్ చెప్పినా, మీ జాబితాతో చిన్న అఫిడవిట్ జత చేస్తే అవసరం ఏమిటో కోర్టుకు తేలిగ్గా కనిపిస్తుంది.

రూల్ 14, రూల్ 18. ఫలానా కాగితం ఉందని తెలిసినప్పుడు కోర్టులో పెట్టించేది 14. చూపించమని ఉత్తర్వు తెచ్చుకునేది 18.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రూల్ 21 పాఠంలో పేరు పెట్టి చెప్పినవి మూడే ఉత్తర్వులు: ప్రశ్నలకు జవాబు, డిస్కవరీ, ఇన్‌స్పెక్షన్. రూల్ 14 ప్రొడక్షన్ (కాగితం కోర్టులో పెట్టించే) ఉత్తర్వు మాట అందులో లేదు. అందుకని ఒక్క రూల్ 14తో ఆగకుండా, అదే కాగితాలకు రూల్ 12, రూల్ 18 కూడా కలిపి అడగండి. రేపు రూల్ 21 వేసినప్పుడు "ఇది ఆ కోవలోకి రాదు" అనే వాదనకు తావుండదు.

## 4. ప్రశ్నలు రాసే పద్ధతి

1972లో రాజ్ నారాయణ్, ఇందిరా గాంధీ ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇప్పటికీ అదే: ప్రశ్నకు వివాదంతో దగ్గరి సంబంధం ఉండాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగదగిన ప్రతి ప్రశ్నా ఇంటరాగేటరీకి పనికిరాదు.

పనికొచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "2019 ఏప్రిల్ 1 నుంచి దావా వేసిన తేదీ వరకు ఎ షెడ్యూలులోని ఆరు షాపుల నుంచి మీరు వసూలు చేసిన అద్దె ఎంత? షాపుల వారీగా, నెలల వారీగా చెప్పండి. ఏ బ్యాంకు ఖాతాలో జమ చేశారు?"

పనికిరానిది: "వాదిని మోసం చేయాలనే ఉద్దేశంతోనే మీరు లెక్కలు దాచారన్నది నిజం కాదా?" దీన్ని రూల్ 7 కింద వారం తిరక్కుండా కొట్టేయిస్తారు. పైగా వేధింపుగా ప్రశ్నలు వేశారని తేలితే రూల్ 3 కింద ఆ ఖర్చులు మీ మీదే పడతాయి.

ఒక్కో ప్రశ్నలో ఒక్కటే విషయం ఉండాలి. తేదీలు, షెడ్యూలు వివరాలు ప్లెయింట్‌లో ఉన్నట్టే రాయండి. కోర్టు అనుమతి లేకుండా ఒకే పార్టీకి రెండోసారి ప్రశ్నావళి ఇవ్వడానికి లేదు కాబట్టి అడగాల్సినవన్నీ మొదటిసారే అడగండి. అవతలి పక్షం కంపెనీ అయితే రూల్ 5 కింద ఏ అధికారి జవాబివ్వాలో పేరు లేదా హోదా కోరండి. లేకపోతే ఏమీ తెలియని ఒక ఉద్యోగి వచ్చి సంతకం పెట్టి వెళతాడు.

## 5. ఉత్తర్వు ఎలా ఉండాలి

పిటిషన్ అలౌ అయిందని సంబరపడి బయటికి వచ్చేస్తే అసలు పని మిగిలిపోయినట్టే. "పిటిషన్ అనుమతించడమైనది" అని డాకెట్‌లో (కేసు రోజువారీ రికార్డులో) ఒక్క వాక్యం ఉంటే దాన్ని ఉల్లంఘించారని నిరూపించడం కష్టం. ఎప్పటిలోగా, ఎక్కడ, ఏ కాగితాలు? ఇవేవీ అందులో ఉండవు.

కాబట్టి ప్రేయర్‌లోనే (కోర్టును ఏం కోరుతున్నారో రాసే భాగంలోనే) పూర్తి వివరం రాయండి. కోర్టు దాన్నే ఉత్తర్వులోకి తీసుకోవడానికి వీలవుతుంది. నమూనా:

"ప్రతివాది ఫలానా తేదీలోగా జతపరచిన జాబితాలోని 1 నుంచి 9 వరకు గల పత్రాల విషయమై అనుబంధం సి, ఫారం 5 ప్రకారం అఫిడవిట్ దాఖలు చేయాలనీ, తన వద్ద ఉన్నవాటి అసలు ప్రతులను ఫలానా తేదీ ఉదయం 11 గంటలకు తన వకీలు ఆఫీసులో వాది వకీలుకు చూపించి నకళ్లు తీసుకోనివ్వాలనీ ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన."

ఉత్తర్వు వచ్చిన రోజే చేయాల్సినవి:

- సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు
- ఉత్తర్వు నకలుతో ఎదుటి వకీలుకు ఉత్తరం, అందినట్టు సంతకం
- అదే నకలు పార్టీకి నేరుగా రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు భద్రంగా
- ఈ-కోర్ట్స్‌లో సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి ఉత్తర్వు ఎక్కిందో లేదో చూడటం

వకీలుకు అందితే పార్టీకి తెలిసినట్టేనని ఆర్డర్ 3 రూల్ 5 భావిస్తుంది. అయినా పార్టీకి విడిగా పంపమనడం ఎందుకంటే, రూల్ 21లో తేలాల్సింది బుద్ధిపూర్వకంగా చేశారా అన్నది. "మా వకీలు నాకు చెప్పలేదు" అన్న సాకుకు ఆ పోస్టు రసీదే జవాబు.

## 6. సగం సగం జవాబు వస్తే

పూర్తిగా మొండికేసేవాళ్ల కంటే, ఏదో ఒకటి దాఖలు చేసి "పాటించాం" అనేవాళ్లతోనే చిక్కు. ఫారం 5 చూడండి. మొదటి షెడ్యూలులో రెండు భాగాలుంటాయి: చూపడానికి అభ్యంతరం లేనివి, అభ్యంతరం ఉన్నవి. రెండో షెడ్యూలులో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివి రాయాలి. ఈ రెండో షెడ్యూలును ఖాళీగా వదిలేస్తారు. మీరు మొదట చూడాల్సింది అదే.

ప్రశ్నావళికి జవాబు చాలకపోతే రూల్ 11 కింద మరింత జవాబిమ్మని ఉత్తర్వు అడగండి. ఆ ఉత్తర్వు లేకుండా నేరుగా రూల్ 21కి వెళితే, జవాబిచ్చారు కదా అని పిటిషన్ కొట్టేసే అవకాశం ఎక్కువ.

కాగితాల అఫిడవిట్ అబద్ధమనిపిస్తే రూల్ 19(3) వాడండి. ఫలానా కాగితం అతని దగ్గర ఉందనో ఒకప్పుడు ఉండేదనో మీ నమ్మకాన్ని అఫిడవిట్‌లో చెప్పి, ఒక్కో కాగితం గురించి ప్రమాణం చేయించాలి. ఉందా? లేకపోతే ఎప్పుడు చేయి దాటింది, ఏమైంది? అద్దె రసీదు పుస్తకం "లేదు" అన్న మనిషి షాపుల్లో అద్దెకున్నవాళ్ల చేతిలో అదే పుస్తకం నుంచి చింపి ఇచ్చిన రసీదు ఉంటే, ఆ రసీదు నకలు ఇక్కడ జత చేయండి.

ప్రివిలేజ్ (చూపించకుండా ఉండే చట్టబద్ధమైన హక్కు) అని ఆపితే, కాగితాన్ని తానే చూసి తేల్చే అధికారం రూల్ 19(2) కోర్టుకు ఇచ్చింది, ప్రభుత్వ రహస్యాలకు తప్ప. వకీలుకూ పార్టీకీ మధ్య నడిచిన సంప్రదింపులకు భారతీయ సాక్ష్య అధినియమం రక్షణ నిజంగానే ఉంది. వాటి కోసం పోరాడి సమయం పోగొట్టుకోకండి.

## 7. గడువు దాటింది. ఇప్పుడేం చేయాలి?

మర్నాడే రూల్ 21 వేయకండి. ముందు రికార్డు కట్టండి.

1. చూపిస్తామన్న రోజు, అన్న సమయానికి వెళ్లండి. మీ వకీలుతోపాటు ఒకరు ఉంటే మంచిది.
2. చూపలేదా, అక్కడి నుంచే ఎదుటి వకీలుకు ఈమెయిల్ లేదా వాట్సాప్‌లో రెండు వాక్యాలు: ఎప్పుడు వచ్చాం, ఏం జరిగింది.
3. వారం గడువుతో ఆఖరి ఉత్తరం. రూల్ 21 పేరు అందులో ప్రస్తావించండి.
4. తర్వాతి వాయిదాలో ఉత్తర్వు పాటించలేదని మెమో. నకలు ఎదుటి వకీలుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.
5. ఆ వాయిదాలో వాళ్లు గడువు అడిగితే డాకెట్‌లో ఆ మాట నమోదయ్యేలా చూడండి. సెక్షన్ 35బి కింద ఖర్చులు కోరండి. ఆ ఖర్చులు చెల్లిస్తేనే వాళ్ల వాదన ముందుకు సాగుతుంది.

ఇలా రెండు వాయిదాలు గడిస్తే మీ చేతిలో ఐదారు తేదీలుంటాయి. పిటిషన్‌కు వెన్నెముక ఆ తేదీలే.

## 8. రూల్ 21 పిటిషన్

అఫిడవిట్‌లో ఆవేశం వద్దు. "దురుద్దేశంతో, కుట్రపూరితంగా" లాంటి మాటలు పది ఉన్నా ఒక్క తేదీకి సాటిరావు. ఈ వరుసలో రాయండి:

- ఉత్తర్వు తేదీ, ఐఏ (మధ్యంతర పిటిషన్) నంబరు, ఉత్తర్వులోని అసలు మాటలు యథాతథంగా
- ఉత్తర్వు ఎదుటివారికి తెలిసిన తేదీ, దాని ఆధారం
- గడువు ముగిసిన తేదీ
- తర్వాత ఇచ్చిన అవకాశాలు, వాళ్లు చెప్పిన కారణాలు, ఆ కారణాలు ఎందుకు నిలబడవో
- ఆ కాగితాలు లేకపోవడం వల్ల మీ కేసుకు ఏ ఇష్యూ మీద నష్టం

చివరిది చాలామంది రాయరు. ఉత్తర్వు పాటించలేదన్న మాట ఒక్కటే సరిపోతుందనుకుంటారు. కాగితం లేకపోతే ఏ ఇష్యూ తేలకుండా ఆగిపోతుందో చెప్పకపోతే, ఇంత పెద్ద శిక్ష ఎందుకు వేయాలన్న ప్రశ్నకు జవాబుండదు.

ప్రేయర్ మెట్లుగా ఉండాలి. మొదటిది డిఫెన్స్ స్ట్రైకాఫ్. అది కాకపోతే ఖర్చులతో ఆఖరి గడువు. ఆ పైన, చూపించని కాగితాలను అతను తర్వాత తన సాక్ష్యంలో పెట్టకుండా నిషేధం. మీకు సెకండరీ ఎవిడెన్సు (అసలుకు బదులు నకళ్ల లాంటి సాక్ష్యం) పెట్టుకునే వీలు. ఒక్క స్ట్రైకాఫ్ మాత్రమే అడిగితే కోర్టు ముందు ఉన్నవి రెండే: అంత పెద్ద శిక్ష వేయడం, లేదా పిటిషన్ కొట్టేయడం. కోర్టు ఎటు మొగ్గుతుందో ఊహించుకోవచ్చు.

సెకండరీ ఎవిడెన్సు కోసం భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 64 కింద ప్రొడక్షన్ నోటీసు విడిగా ఇచ్చి ఉంచండి. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చింది ఇదే. నోటీసిచ్చినా చూపించని కాగితాన్ని, మీ సమ్మతి లేదా కోర్టు ఉత్తర్వు లేకుండా వాళ్లు తర్వాత వాడుకోలేరని సెక్షన్ 167 చెబుతోంది. చూపించి ఉంటే వాళ్లకే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు భావించడానికి సెక్షన్ 119 ఆధారం. స్ట్రైకాఫ్ రాకపోయినా ఈ రెండూ మీ చేతిలో ఉంటాయి. నిజానికి చాలా కేసులకు ఇవి చాలు.

## 9. విచారణలో జడ్జిగారు చూసేది

1978లో బబ్బర్ సూయింగ్ మెషీన్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలతే ఇప్పటికీ నడుస్తోంది. బుద్ధిపూర్వకమైన ధిక్కారం, కోర్టు ఉత్తర్వును కావాలని లెక్కచేయకపోవడం కనిపించినప్పుడే, అదీ ఆఖరి అస్త్రంగానే రూల్ 21 వాడాలి. ఆలస్యం ఒక్కటే చాలదు.

1976 సవరణ తర్వాత నోటీసు, తగిన విచారణ తప్పనిసరి. మీ వాదనలో ఈ మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి: ఉత్తర్వు స్పష్టంగా ఉందా? పాటించే శక్తి అతనికి ఉందా, అంటే కాగితం నిజంగా అతని దగ్గరే ఉందా? చిన్న శిక్షతో పని జరగదా?

పార్టిషన్ దావాలో ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: లెక్కలు ఫైనల్ డిక్రీలో (వాటాలు తేలాక ఆస్తి పంచే చివరి ఉత్తర్వులో) చూసుకోవచ్చు, ఇప్పుడే ఎందుకు అని. రూల్ 20 దానికి చోటిస్తుంది కూడా. అద్దె లెక్కల విషయంలో ఆ వాదనకు బలముంది. పారికత్తు విషయంలో లేదు, ఎందుకంటే అసలు వాటా ఉందా లేదా అన్నది తేలాల్సింది ఆ కాగితం మీదే. రెండింటినీ విడదీసి వాదించండి.

## 10. ఉత్తర్వు మీ మీదే ఉంటే

మీరు డిస్కవరీ ఇవ్వాల్సిన పక్షమైతే పని తేలిక, భయపడకుండా ఉంటే.

గడువు సరిపోదనిపిస్తే ముగియకముందే పొడిగింపు పిటిషన్ వేయండి. సెక్షన్ 148 కింద మొత్తం 30 రోజుల దాకా పెంచవచ్చు. గడువు దాటాక అడిగినా ఇవ్వవచ్చు. చేతిలో లేని కారణాల వల్ల ఆ 30 రోజులూ చాలకపోతే సెక్షన్ 151 కింద ఇంకా పొడిగించవచ్చని 2005లో సుప్రీంకోర్టు అంది.

ఉన్న కాగితాలు ఉన్నంతవరకు ఇచ్చేయండి. లేనివాటికి ఎప్పటిదాకా ఉన్నాయి, ఎవరికిచ్చారు, ఎక్కడ వెతికారు అన్నది ప్రమాణం మీద రాయండి. "నా వద్ద లేవు" అని మూడు మాటల్లో తేల్చేస్తే దాచినట్టే కనిపిస్తుంది.

అభ్యంతరముంటే అఫిడవిట్‌లోనే చెప్పండి. రూల్ 6 దానికి వీలిస్తుంది: సంబంధం లేదు, ఈ దశకు అవసరం లేదు, ప్రివిలేజ్. అభ్యంతరం మనసులో పెట్టుకుని ఊరుకోవడం మాత్రం ధిక్కారంగా లెక్కకొస్తుంది.

పార్టీ అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే, మన పార్టిషన్ దావాల్లో ఇది తరచూ ఉండేదే, అక్కడి భారత కాన్సులేట్‌లో అఫిడవిట్ మీద అటెస్టేషన్ చేయించుకుని పంపాలి. అపాయింట్‌మెంట్, పోస్టు కలిపి సమయం పడుతుందని మొదటి వాయిదాలోనే చెప్పి తగిన గడువు తీసుకోండి. జీపీఏ హోల్డరు (పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న ప్రతినిధి) చేత జవాబు చెప్పిద్దామనుకోకండి: పార్టీకి మాత్రమే తెలిసిన విషయాల మీద జీపీఏ హోల్డరు సాక్ష్యం చెప్పలేడని 2005లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

రూల్ 21 పిటిషన్ వచ్చేసిందా? కౌంటర్‌తోపాటే (ఆ పిటిషన్‌కు మీ జవాబుతోపాటే) కాగితాలు కూడా దాఖలు చేయండి. విచారణ రోజుకు ఉత్తర్వు పాటించి ఉన్న పార్టీ డిఫెన్స్ తీసేయడానికి ఏ కోర్టూ సులభంగా ఒప్పుకోదు. ఖర్చులు పడవచ్చు, కట్టేయండి.

## 11. స్ట్రైకాఫ్ అయ్యాక

గెలిచిన వాది ఇంటికెళ్లి నిద్రపోవడానికి లేదు. చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యం ప్రమాణం మీద రాసిన పత్రం) వేసి, డాక్యుమెంట్లు మార్క్ చేయించి తన కేసు తాను నిరూపించుకోవాల్సిందే. డిఫెన్స్ పోయిన ప్రతివాది కూడా కోర్టుకు వచ్చి వాది సాక్షులను క్రాస్ చేయవచ్చు. వాది సాక్ష్యం మీదే డిక్రీ రాదని వాదించవచ్చు. తన సాక్షులను పెట్టి తన కథ చెప్పుకోవడమే కుదరదు. నలుగురు ప్రతివాదులుంటే ఉత్తర్వు పాటించని ఒక్కరి డిఫెన్సే పోతుంది, మిగతా ముగ్గురిది అలాగే ఉంటుంది.

వాదికైతే దెబ్బ ఇంకా పెద్దది. రూల్ 21(2) ప్రకారం అదే కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకు మూలమైన కారణం) మీద మళ్లీ దావా వేయలేరు.

ఈ ఉత్తర్వు మీద ఆర్డర్ 43 రూల్ 1(ఎఫ్) కింద అప్పీలు ఉంది. జిల్లా స్థాయి కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు ఇందులోంచి తీసేస్తారు. కొందరు ఆర్డర్ 9 రూల్ 9 కింద రిస్టోరేషన్ పిటిషన్ (కొట్టేసిన దావాను తిరిగి తెరవమనేది) వేసి ఈ గడువు పోగొట్టుకుంటారు. ఇది హాజరు కాకపోవడం వల్ల వచ్చిన డిస్మిస్సల్ కాదు, కాబట్టి ఆ దారి మూసి ఉంది. అప్పీలు వేయకపోయినా, చివరి డిక్రీ మీద వేసే అప్పీల్లో ఈ ఉత్తర్వు తప్పని సెక్షన్ 105 కింద ఒక కారణంగా చూపవచ్చు. డిస్కవరీ ఇవ్వమన్న మొదటి ఉత్తర్వు మీద మాత్రం అప్పీలు లేదు. రాజ్యాంగం ఆర్టికల్ 227 కింద హైకోర్టుకు వెళ్లడమొక్కటే దారి.

## 12. కమర్షియల్ దావాల్లో

ఇక్కడ అడిగేదాకా ఆగడం లేదు. ప్లెయింట్‌తో, రిటన్ స్టేట్‌మెంట్‌తో పాటే తమ దగ్గరున్న సంబంధిత కాగితాలన్నీ, తమకు వ్యతిరేకమైనవి కూడా, ప్రమాణంతో బయటపెట్టాలి. దావా ముగిసేదాకా ఈ బాధ్యత ఉంటుంది. అత్యవసరంగా వేసిన దావాలో మిగిలిన కాగితాలకు వాదికి 30 రోజులు దొరుకుతాయి.

ఇన్‌స్పెక్షన్ రిటన్ స్టేట్‌మెంట్ వేసిన 30 రోజుల్లో పూర్తవ్వాలి. కోర్టు ఇంకో 30 రోజులు మించి పెంచదు. బయటపెట్టని కాగితాన్ని కోర్టు అనుమతి లేకుండా వాడుకోలేరు.

ఉత్తర్వు పాటించని వాళ్ల మీద ఇక్కడ అడగాల్సినవి రెండు. కావాలనో నిర్లక్ష్యంతోనో కాగితాలు దాచితే రూల్ 3(6) కింద భారీ ఖర్చులు. ప్రొడక్షన్ నోటీసిచ్చినా తగిన కారణం లేకుండా చూపకపోతే రూల్ 5 కింద వ్యతిరేక భావన, దానితో ఖర్చులు. నోటీసులో 7 రోజులకు తగ్గకుండా, 15 రోజులు మించకుండా గడువివ్వాలి. 7 కంటే తక్కువ ఇచ్చారా, ఆ ఒక్క కారణంతో మీ పిటిషన్ వెనక్కి రావచ్చు.